దయ్యానికి డబ్బెందుకు?

(ఒక బి.యస్సీ. విద్యార్థి)

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో నిలబడి నాలుగు దిక్కులా చూడండి. మన సినిమాలోకంలో అంతస్తులు ఎట్లా ఉంటాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. పెద్ద హీరో చిత్రమైతే ఆకాశమంత కటౌటు, దానికి గజమాల, పాలాభిషేకం, డప్పులు. ఆ కిందిమెట్టు హీరోకు ఫ్లెక్సీ. ఇక పేరున్న మొహం ఒక్కటీ లేకుండా, ఒకే ఇంట్లో, కొద్దిమంది పనివాళ్లతో తీసిన దయ్యాల సినిమాకు దక్కేది ఒక వాల్‌పోస్టరు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు గోడలమీద, అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్ల ప్రకటనల నడుమ అది ఇరుక్కుని ఉంటుంది. రెండోరోజు తెల్లవారేసరికి భయంతో అరుస్తున్న హీరోయిన్ నోటిమీద "గ్రూప్-2 కొత్త బ్యాచ్ ప్రారంభం" అని అంటించేసి పోతారు. (ఆ పిల్ల అందుకే అరుస్తున్నదేమో అంటాడు మా రూంమేటు.)

నేను ఆ పోస్టరు తరఫున నాలుగు మాటలు రాయదలచుకున్నాను. యూనియన్ మిత్రులు ఈ సంచికకు "ఏదైనా రాయి" అన్నారు. ఏదైనా అన్నారు గనుకనే ఈ సాహసం.

ముందుగా మా లెక్చరర్లకు ఒక మనవి. సైన్సు చదువుకునేవాడికి దయ్యాల సినిమాలేమిటని తమరు అడగవచ్చు. దయ్యాలున్నాయని నేను నమ్మను. భయం ఉన్నదని మాత్రం నమ్ముతాను. నమ్మడమేమిటి, దానితోపాటే పెరిగాను. మాది వ్యవసాయ కుటుంబం. తెలంగాణలో బోరుబావులకు ఇరవైనాలుగు గంటల కరెంటు 2018 జనవరి నుంచి వచ్చింది. అంతకుముందు వంతులవారీగా వచ్చేది, అందులో ఒక వంతు రాత్రిపూటే పడేది. పదేళ్ల పిల్లవాణ్ణి, నాయిన వెనక టార్చిలైటు పట్టుకుని మోటరు పెట్టడానికి పోయేవాణ్ణి. చెరువుకట్ట కింద కొరివిదయ్యం తిరుగుతుందని మా అవ్వ చెప్పేది. నాయినేమో, "దయ్యం గియ్యం ఏం లేదు బిడ్డా, కాళ్లకింద సూసుకుంట నడువు" అనేవాడు. ఆయన భయం పాముకు, తెగిపడిన తీగకు, తడిచేత్తో ముట్టుకున్న స్టార్టరుకు. నా భయమంతా టార్చి వెలుగు ఆగిపోయిన చోట ఉండేది. వెలుగులో కనిపించిన గట్టు గట్టే, కంప కంపే. వెలుగు అంచు దాటాక ఏమున్నదో అదే నన్ను పీడించేది.

హైదరాబాదు వచ్చి ఎన్నో దయ్యాల సినిమాలు చూశాక అర్థమైనదేమిటంటే, మంచి దయ్యాల సినిమా తీసేవాడు చేసే పని అదే. టార్చి ఎక్కడిదాకా వేయాలో వాడికి తెలుసు. డబ్బున్న నిర్మాత ఊరుకోడు గదా! ఖర్చు పెట్టాను, కనిపించాలంటాడు. కంప్యూటరు గ్రాఫిక్సుతో దయ్యానికి వెయ్యి వెంట్రుకలూ విడివిడిగా ఎగిరేటట్టు చూపిస్తాడు. మనం పాప్‌కార్న్ నములుతూ "గ్రాఫిక్స్ బాగున్నై" అంటాం. గ్రాఫిక్స్ బాగున్నాయన్న మాట ప్రేక్షకుడి నోట వచ్చిందంటే దయ్యం అప్పుడే చచ్చిందన్నమాట. డబ్బులేనివాడికి ఆ అవకాశం లేదు. వాడు చూపించలేడు కాబట్టి దాస్తాడు. దాచడమే ఇక్కడ విద్య.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. బి.విఠలాచార్య గారిని మరచిపోతామా? పొదుపుగా, ట్రిక్ షాట్లతోనే జానపద ప్రపంచాన్ని నిలబెట్టిన మనిషి. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో ఆడదయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ దృశ్యానికి ఎంత ఖర్చయి ఉంటుంది చెప్పండి? ఒక పొయ్యి, ఒక నటి, కెమెరా దగ్గర చిన్న కిటుకు. మా అవ్వ ఈనాటికీ ఆ సీను చెప్పి ఒళ్లు జలదరించుకుంటుంది, వెంటనే నవ్వుతుంది. పొయ్యి ప్రతి ఇంట్లో ఉంటుంది గదా! ఆ సినిమా చూసి ఇంటికొచ్చి పొయ్యి ముట్టించిన ప్రతి ఇల్లాలికీ ఒక్క క్షణం గుండె ఆగి ఉంటుంది. ఇంట్లో రోజూ వాడే వస్తువులోకి భయాన్ని పంపించడం, దానికి ఏ గ్రాఫిక్సూ అక్కరలేదు.

సముద్రాల అవతల కూడా ఇదే కథ. 1979 చివరలో అమెరికాలో శాం రైమీ అనే కుర్రవాడు కొందరు స్నేహితులను వెంటబెట్టుకుని టెనెస్సీ అడవిలో ఒక పాడుబడ్డ కొయ్యింట్లోకి దిగాడు. అప్పటికి వాడి వయసు ఇరవై. అనగా సరిగ్గా నా వయసు! అంతకుముందే ఒక చిన్న చిత్రం తీసి, అది చూపించి నలుగురైదుగురి దగ్గర డబ్బు పోగుచేశాడు. కెమెరాను పరుగెత్తించే ఖరీదైన యంత్రం కొనలేక ఒక చెక్కపలక నడుమ కెమెరా బిగించి, చెరొక కొసా పట్టుకుని చెట్ల మధ్య పరుగెత్తారు. ‘ది ఈవిల్ డెడ్’లో అడవినుంచి ఏదో నేలబారుగా మనమీదికి దూసుకొస్తుందే, ఆ కనిపించని దయ్యం ఆ చెక్కపలకే. అది చూసిన రోజు మా రూములో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత ఒకడు లేచి మా డ్రాయింగ్ బోర్డు వంక అదోరకంగా చూశాడు.

ఆ ఊపిరి తెలుగులోకి తెచ్చినవాడు రాంగోపాల్ వర్మ. విజయవాడలో సివిల్ ఇంజనీరింగు చదివి, అమీర్‌పేటలో వీడియో కేసెట్ల దుకాణం నడిపిన మనిషి. ‘శివ’ (1989)తో ఘనవిజయం సాధించాడు. ఆయన 1992లో రేవతితో ‘రాత్రి’ తీశాడు. ఆ చిత్రంలో దయ్యం రావడానికి ముందు మనల్ని భయపెట్టేవి మెట్లు, తలుపు, ఖాళీ వీధి, ఒక పిల్లికూన. సినిమాహాల్లో కూర్చున్న రేవతి ఉన్నట్టుండి ఒంటరిగా మిగిలిపోయే దృశ్యం ఒకటున్నది. అది సినిమాహాల్లోనే చూసినవాళ్ల అదృష్టమే అదృష్టం. పక్క సీటు ఖాళీగా ఉంటే ఏమైపోయేవారో! నేను పుట్టకముందు వచ్చిన చిత్రం, నాకు ఫోనే గతి. మణిశర్మ నేపథ్య సంగీతంతో వెలుగులోకి వచ్చింది, తేజ ఛాయాగ్రాహకుడైంది ఈ చిత్రంతోనే. 1996లో ‘దెయ్యం’ వచ్చింది. శ్మశానం ఉన్న జాగాలో కట్టిన ఫాంహౌసు కథ. నగరం చుట్టూ ఎన్ని వెంచర్లు ఏ జాగాలమీద లేచాయో తెలిసినవాళ్లకు అది ఉత్త కల్పనగా తోచదు. ఆ తరువాత ఆయన తీసిన దయ్యాల సినిమాలు కొన్నింటి గురించి మాట్లాడకపోవడమే అభిమాని ధర్మం.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక చిన్న పక్కదారి. చిన్న సినిమాకు దయ్యం సగం కెమెరాలో ఉంటే సగం శబ్దంలో ఉంటుంది. విక్ టాండీ అనే ఇంగ్లీషు ఇంజనీరు పనిచేసే ప్రయోగశాలలో దయ్యముందని అందరూ అనుకునేవారట. ఒక రాత్రి ఆయనకే కంటికొసన బూడిదరంగు ఆకారం ఒకటి కనిపించింది, వెన్నులో చలి పుట్టింది. మర్నాడు కత్తిసాము పోటీకోసం తన సన్నటి కత్తిని బాగుచేసుకుందామని పట్టుకర్రకు బిగిస్తే అది దానంతటదే వణకడం మొదలుపెట్టింది. మనమైతే పరుగో పరుగు! ఆయన కొలత తీశాడు. కొత్తగా పెట్టిన ఒక ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వని పుట్టిస్తోంది. మన చెవికి అందేది 20 నుంచి గదా, అందుకే ఎవరికీ వినిపించలేదు. ఫ్యాను సంగతి సరిచేశాక దయ్యం మళ్లీ రాలేదు. 1998లో దీనిమీద పత్రం ప్రచురించాడు. తరువాత వేరేవాళ్లు చేసిన పరీక్షలన్నీ దీన్ని బలపరచలేదు, అదీ చెప్పాలి. కానీ నాకు నచ్చింది ఫలితం కాదు, ఆ మనిషి వైఖరి. భయపడ్డాడు, భయపడ్డానని ఒప్పుకున్నాడు, కొలబద్ద పట్టుకుని మళ్లీ అదే గదిలోకి పోయాడు. దయ్యాల సినిమా అభిమానికి ఇంతకంటె మంచి గురువు ఉండడు.

మళ్లీ మన దగ్గరికొద్దాం. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడింది. ఇక మొదలు! ప్రతి దయ్యానికీ ఒక హాస్యగాడు తోడు. ‘గీతాంజలి’, ‘రాజుగారి గది’... వరసపెట్టి వచ్చాయి, డబ్బులూ వచ్చాయి. నాకు వాటిమీద పగేమీ లేదు, నవ్వాను కూడా. అయితే భయపడటం నామోషీ అనుకునే ప్రేక్షకుడికి నవ్వు ఒక చాటు. ఆ చాటు ఇచ్చినందుకే అవి ఆడాయి. నేను మెచ్చేది ఆ చాటు తీసేసి మనల్ని ఒంటరిగా కూర్చోబెట్టే సినిమాను.

అటువంటిది రవిబాబు గారి ‘అవును’ (2012). ఒక ఇల్లు, కొత్తగా పెళ్లైన జంట, ఎదురింటి పొరుగింటి మనుషులు, ఒక చిన్నపిల్లవాడు. దయ్యం కనిపించదు. కనిపించని ఆ మగవాడు ఇంట్లో తిరుగుతూ ఆ అమ్మాయిని చూస్తుంటాడు. అంతే కథ. మా క్లాసు అమ్మాయిలతో ఈ సినిమా గురించి మాట్లాడినప్పుడు నాకు తెలిసింది, మేం అబ్బాయిలం చూసిన సినిమా ఒకటి, వాళ్లు చూసిన సినిమా వేరొకటి అని. మేం తలుపు తనంతట తానే కదిలినప్పుడు భయపడ్డాం. వాళ్లలో ఒకామె అన్నది: "తలుపు కదలడం ఏముంది, నారాయణగూడ చౌరస్తాలో బస్సుకోసం నిలబడితే రోజూ వీపుమీద చూపులే గదా. ఇంట్లో కూడా ఉంటే ఎట్లా అన్నదే ఆ సినిమా." ఇంతకు మించిన సమీక్ష నేను పత్రికల్లో చదవలేదు.

‘మసూద’ (2022 నవంబరు) సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సాయికిరణ్ దర్శకుడు. ఇంటర్ చదువుకని నేను నగరానికొచ్చిన కొత్తలో క్రాస్ రోడ్స్‌లోనే చూశాను. నీలం అనే తల్లి. సంగీత వేసింది. భర్తనుంచి విడిపోయి కూతురితో బతుకుతుంటుంది. వృత్తిరీత్యా బళ్లో సైన్సు టీచరు! పక్క ఫ్లాటులో గోపి అనే కుర్రవాడు, ప్రతిదానికీ జంకే పిరికివాడు, తిరువీర్ వేసిన పాత్ర. కూతురికి ఏదో పట్టింది. సైన్సు టీచరైన తల్లి ఏం చెయ్యాలి? డాక్టరు దగ్గరికా, పీరుబాబా దగ్గరికా? ఎవరూ పట్టించుకోని ఆ రాత్రిపూట తలుపు కొట్టడానికి ఆమెకున్నది ఆ పిరికివాడి తలుపొక్కటే. ఆ సినిమాలో నన్ను పట్టుకున్నది దయ్యం కాదు, ఆ తలుపు కొట్టడం. హీరోయిజం అంటే వందమందిని కొట్టడమని క్రాస్ రోడ్స్ కటౌట్లన్నీ మనకు నేర్పుతుంటే, చేతులు వణుకుతూనే పక్కింటివాళ్లకోసం లేచి వెళ్లినవాణ్ణి ఈ చిన్న సినిమా హీరోను చేసింది. చివరి అరగంటలో గోల ఎక్కువైంది, నిడివి పెరిగింది, అది వేరే సంగతి. అశోక్‌నగర్‌లో ఒక్కొక్క రూములో ఆరేసిమంది ఉంటాం. ఎవరి పుస్తకం వాళ్లకు అడ్డం. అర్ధరాత్రి ఒకడు నిద్రపట్టక వరండాలో ఒక్కడే కూర్చుంటే లేచి వెళ్లి "ఏందిరా?" అని అడిగేవాడెంతమంది? ఆ సినిమా చూశాక నేనైతే అడుగుతున్నాను.

ఇక్కడిదాకా పొగిడాను. ఇక నాకు ఈ సినిమాలతో ఉన్న తగాదా చెప్పాలి. అభిమాని కాబట్టే తగాదా.

‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబరులో హాట్‌స్టార్‌లో వచ్చింది. డాక్టర్ అనిల్ విశ్వనాథ్ దర్శకత్వం. అప్పటిదాకా ఎక్కువగా హాస్యపాత్రలే వేసిన సత్యం రాజేష్ అందులో కొమిరి. థియేటరు ఆసరా లేకుండానే నోటిమాటతో పాకింది. రెండోభాగం 2023 నవంబరులో దర్జాగా హాళ్లలోకే వచ్చింది. ఎంత చక్కగా తీశారు! ఆ ఇండ్లు, ఆ గల్మ, ఆ భాష, పొలిమేరలో నిమ్మకాయలు, చీకట్లో లాంతరు. పట్నంలో కట్టిన సెట్టు కాదు, మా ఊరే. చేతబడి చేశాడన్న అనుమానంతో ఊరివాళ్లు ఒక మనిషిని తగలబెట్టారన్నది కథకు మూలం. నేను ఊపిరి బిగబట్టి చూశాను, ఇక ఇప్పుడు ఆ గుంపు సంగతి తేలుస్తారని. చివరికి తేలిందేమిటి? కొమిరి నిజంగానే చేతబడి చేసినవాడు, పైగా చావనూ లేదు! (చూడనివాళ్లు క్షమించాలి. ఇంతకాలమైంది గనుక చెప్పేశాను.) మలుపు అదిరింది, ఈలలు పడ్డాయి. నాకు మాత్రం ఏదో గొంతుకు అడ్డం పడ్డట్టయింది. ఎందుకంటే ఆ మలుపు అర్థం ఒక్కటే, ఊరి గుంపు అనుమానం నిజమే.

2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘విరూపాక్ష’ చిన్న సినిమా లెక్కలోకి రాదు, కానీ అందులోనూ ఇదే వరస. 1979లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి చంపుతుంది. సినిమా ప్రకారం వాళ్లు చేస్తున్నదీ క్షుద్రపూజే. మళ్లీ ఊరిదే నిజం.

పట్నం మిత్రులకు ఇది కథ. మా వైపు ఇది కథ కాదు. మంత్రాలు చేస్తున్నారని మనుషుల పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి తెలంగాణలో. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట! 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో దేశంలో జరిగిన హత్యలకు కారణాలు రాసే పట్టికలో భూతగాదా, కట్నం వంటి గడుల పక్కన ఈ మంత్రాల నెపానికి కూడా వేరే గడి ఉన్నది. గడి పెట్టవలసి వచ్చిందంటే ఆలోచించండి.

మా ఊళ్లోనూ ఒక ముసలమ్మ ఉన్నది. ఊరి పేరు, ఆమె పేరు రాయను. మొగుడు లేడు, కొడుకు బొంబాయి పోయి తిరిగి రాలేదు. ఇంటివెనక చెట్లమందు ఉంటుంది, పసరు తీసి ఇచ్చేది. ఒక యేడు వరసగా రెండిండ్లలో బర్లు చచ్చాయి. పశువుల డాక్టరు గొంతువాపు అన్నాడు. ఊరు మాత్రం వేరే మాట అన్నది, అదీ గట్టిగా కాదు, గుసగుసగా. ఆమె దగ్గర పాలు కొనడం మానేశారు. పెండ్లి పిలుపులు ఆగిపోయాయి. పిల్లలం ఆమె ఇంటిముందునుంచి పోకుండా చుట్టుతిరిగి బడికి పొమ్మన్నారు. ఎవరూ ఆమెను కొట్టలేదు, అంతమట్టుకు మా ఊరు మంచిదే. మా అమ్మ ఒక్కతే సంకురాత్రికి సకినాలు తీసుకుపోయి ఇచ్చివచ్చేది. "గింత పిండికి మంత్రాలు తగుల్తయా" అని మా నాయినమీద కసిరేది. పొలిమేర సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ ముసలమ్మ ఇంటి తలుపు గుర్తుకొచ్చింది. ఆ సినిమా మా ఊళ్లో కూడా ప్రతి ఫోనులో చూశారు. మా చిన్నాయన కొడుకు సెలవుల్లో నాతో అన్నాడు: "సూసినవా అన్నా, ఊరోళ్లు ఉత్తగనే అనరు."

ఆ మాట మరచిపోలేకనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ తగాదా మన తెలుగులో పాతదే. మా తల్లిదండ్రుల తరంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే జనం వేలంవెర్రిగా చదివారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఇప్పుడు కుర్చీలన్నీ పోటీపరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి గాని, ఒకనాడు అటువంటి నవలలకోసం వంతులుపడి నిలబడేవారని పెద్దలు చెబుతారు. చిన్నపిల్లమీద చేతబడి కథ అది. వైద్యానికీ మంత్రానికీ సమాన పీట వేసిందని రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. 1986లో ‘కాష్మోరా’ తెరమీదికీ వచ్చింది. అప్పుడు ఆ నవల చదివి భయపడ్డవారూ, ఆ విమర్శ చదివి వాదించుకున్నవారూ ఇద్దరూ ఉన్నారు. ఇప్పుడు సినిమా ఉన్నది, విమర్శే లేదు. రేటింగు ఉన్నది. అయిదుకు మూడుంపావు!

నేను నిషేధించమనటం లేదు. మూఢనమ్మకాల పేర హింసకు మహారాష్ట్ర 2013లో చట్టం తెచ్చింది, దాభోల్కర్ గారిని ఆ యేడాది ఆగస్టులో పుణెలో కాల్చి చంపిన తరువాత. కర్ణాటక 2017లో తెచ్చింది. చట్టం చెయ్యవలసినది మనుషుల చేతులమీద, కథలమీద కాదు. చేతబడి లేని చేతబడి సినిమా తీయమనీ అనను, అది ఉప్పులేని పప్పు. దయ్యం తెరమీద నిజమే అయినంతమాత్రాన తప్పేమీ లేదు. ‘మసూద’లో కూడా నిజమే. కానీ అక్కడ ఊరి గుంపుకు కిరీటం పెట్టలేదు. నా అభ్యంతరమంతా ఆ కిరీటంమీదనే.

పని ఎట్లా చెయ్యాలో చూపించిన సినిమా ఒకటున్నది, అదీ పేదసినిమాయే. 1968లో పిట్స్‌బర్గ్‌లో జార్జి రొమెరో, ఆయన మిత్రులూ తలాకాస్త వేసుకుని ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశారు. నలుపు తెలుపు చిత్రం. రక్తానికి చాక్లెట్ పాకం వాడారు. రాత్రంతా ఒక ఇంట్లో తలుపులకు చెక్కలు కొట్టుకుని, నడిచే శవాలనుంచి కాపాడుకుంటారు కొందరు. వాళ్లలో తెలివిగా, ధైర్యంగా నిలబడ్డవాడు ఒక నల్లజాతి యువకుడు. డువేన్ జోన్స్ నటించాడు. రాత్రి గడుస్తుంది. అతనొక్కడే మిగులుతాడు. తెల్లవారి తుపాకులతో వచ్చిన గుంపు కిటికీలో కదలిక చూసి శవమే అనుకుని కాల్చేస్తుంది. కొక్కేలతో ఈడ్చి మంటలో వేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్‌లో చంపిన యేడాదే అక్టోబరులో ఆ చిత్రం వచ్చిందన్న సంగతి అప్పటి ప్రేక్షకుడికి వేరే చెప్పనక్కరలేదు. శవాలు నిజమే, గుంపు చేసింది మాత్రం హత్యే. రెండూ ఒకే సినిమాలో ఇమిడాయి. గంటన్నర దయ్యాలకు భయపడ్డ మనం చివరి రెండు నిమిషాల్లో మనుషులకు భయపడతాం.

ఇందులో ఒక తమాషా కూడా ఉన్నది. విడుదలకు ముందు పేరు మార్చేటప్పుడు కాపీరైటు ప్రకటన ముక్క ఎగిరిపోయింది. దాంతో అది అందరి సొత్తయింది. రొమెరోకు రావలసిన డబ్బు రాలేదు పాపం, ప్రపంచానికి మాత్రం సినిమా ఉచితంగా దొరికింది. కనుక యూనియన్ మిత్రులకు ఒక విన్నపం: వచ్చే యేడు సాంస్కృతికోత్సవాల్లో ఒక్క సాయంత్రం, సెమినారు హాల్లో, ఈ చిత్రం వెయ్యండి. అద్దె లేదు, అనుమతి అక్కరలేదు. ప్రొజెక్టరు ఫిజిక్స్ డిపార్టుమెంటులో ఉన్నది, అడిగితే ఇస్తారు. దానివెనకే ఒక తెలుగు చిన్న దయ్యాల సినిమా, అనుమతి తీసుకుని. ఆ తరువాత లైట్లు వేసి ఒక గంట వాదించుకుందాం. లెక్చరర్లు కూడా రావాలి. అమ్మాయిలు ముందు వరసలో కూర్చోవాలి, వాళ్లదే మొదటి మాట.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లు ఫోను పట్టుకుని మనమే తీయొచ్చు. రైమీ చెక్కపలకకంటె మన చేతిలో ఉన్నది మెరుగైన యంత్రమే. నగరంలో చోటులేమీ తక్కువ లేవు. నారాయణగూడ శ్మశానం గోడ పక్కనుంచి రాత్రి పదకొండింటికి నడిచివస్తే చాలు, సగం సినిమా తయారు. ఓడియన్ పాత హాలు పోయి అదే పేరుతో మాల్ లేచింది. సుదర్శన్ 70 ఎంఎం లేదిప్పుడు. లేని హాల్లో రెండో ఆట నడుస్తుంటే ఎట్లా ఉంటుందన్నది ఒక కథ, కావలసినవాళ్లు తీసుకోవచ్చు.

నేను చూడాలనుకునే సినిమా మాత్రం వేరే. కెమెరా ముసలమ్మ ఇంటిలోపల ఉండాలి. రాత్రి. దీపం ఒక్కటే. బయట కుక్కలు ఒక్కసారిగా అరవడం ఆపేస్తాయి. వాకిట్లో చెప్పుల చప్పుడు, ముందు ఒకరివి, తరువాత చాలామందివి. ఎవరో గొంతు సవరించుకుంటారు. ఆమెకు ఆ గొంతు తెలుసు, చిన్నప్పుడు వాడికి పసరు పోసింది ఆమే. తలుపు గొళ్లెం వంక చూస్తుంది. మనమూ చూస్తాం. గంటన్నరసేపు ఆ తలుపు తెరవకుండా సినిమా నడపగలవాడెవడైనా మన కళాశాలలో ఉంటే నాకు చెప్పండి, లైటు పట్టుకోవడానికి నేను వస్తాను.